షిమే

వాన ఇంకా కారుతనే ఉన్నది.
ఖాద్రి సాబ్ ఫోన్ల మొత్తుకుంటున్నడు:
"పెంటన్నా, జపానోళ్ల డోలుకు గొంతు కూసున్నది,
రవీంద్రభారతి ఎనుక గేటుకు జల్ది రా."
సిద్ది అంబర్ బజార్ల షట్టర్ సగం గుంజి
సుత్తె, మోకు, ఆముదం సీసా సంచిల ఏసుకొని
ఆటో ఎక్కిన.

స్టేజీ మీద పెద్దది, ఓడైకో,
పీట మీద పక్కకు ఒరిగి ఉన్నది,
నా కన్న రెండు పిడికిళ్లు ఎత్తు.
ఒక్క చెట్టు మొద్దును లోపలంత తొలిచి చేసిందట.
అంచు చుట్టు నల్లటి బొడిపె మేకులు,
శక్కెర డబ్బాకు చీమలు పట్టినట్టు.
దాన్ని బిగించే తొవ్వ లేదు.
మేకు కొట్టిన నాడు ఎంత బిగువో అంతే,
ఇగ వాననో ఎండనో
దాని తోలే చూసుకోవాలె.

పలకలు చేర్చి పీపా లెక్క కట్టింది ఇంకోటి,
మెడల ఏసుకొని ఎగురుకుంట కొడ్తరట.
వెదురు పిల్లనగ్రోవి గుడ్డ సంచిల పండుకున్నది.
అరచేతంత ఇత్తడి పళ్లెం ఉండె;
జింక కొమ్ము పుల్లతోని ఒక పోరడు దాని కడుపుల గీకితే
మోండా మార్కెట్ కాడి ఐస్‌ఫ్రూట్ బండి యాదికొచ్చింది.

గొంతు కూసున్నది మాత్రం చిన్నది. షిమే.
రొట్టె పీటంత.
రెండు దిక్కుల తోలు, నడుమ ఎర్ర తాడు.
అన్నిటికి తాళం సూపేది గిదేనట.
ఏలుతోని కొట్టిన:
తడిసిన అట్టడబ్బా.

"ఇన్ని కాయితాలియ్యుండ్రి, మంటేసి కాపుత" అన్న,
డప్పును కాపినట్టు.
ఖాద్రి సాబ్ నెత్తి పట్టుకున్నడు:
"మంటా! పైన పొగ మిషన్ కూస్తది, ఫైరింజన్ వస్తది!"
మేకప్ రూంలకెల్లి జుట్టార్పే మిషన్ తెచ్చిండ్రు.
నలభై ఏండ్లల్ల తోలుకు గట్ల గాలి పట్టుడు
నాకిదే మొదలు.

తాడు బిగించుడు ఒకలతోని అయ్యేది కాదు.
చిగుసా అని ఒకామె, పొట్టి మనిషి, నెరిసిన జుట్టు,
చెప్పులిడిసి నా ఎదురుంగ కూసున్నది.
ఆమె గుంజాలె, నేను కట్టెతోని తాడు మీద కొట్టాలె,
మల్ల నేను గుంజాలె, ఆమె కొట్టాలె.
"సే... నో" అన్నది.
దుబాసి అక్కర రాలే.
"ఐసా" అన్న నేను.

నడుమల ఆగి తోలును వాసన చూసింది.
నేను గూడ అప్పుడే వంగిన, తలకాయలు తాకినయి.
నవ్వుకున్నం.

ఈ పని ఎవరు నేర్పిండ్రని అడిగింది.
దుబాసి పిల్ల మౌక్తిక తార్నాకల చదువుతదట.
చెప్పిన: మా నాయిన. నాయినకు వాళ్ల నాయిన.
ఇంటెనుక లంద. తంగేడు చెక్క ఊరిన నీళ్లు.
అంగీ ఎంత ఉతికినా బడిల నా కన్న ముందు
ఆ వాసన పోయి కూసునేది.
సారు నన్ను తలుపు అవతల కూసోబెడుతుండె.

చిగుసా తాడు ఇడువకుంట ఇన్నది.
శానసేపు ఏమో చెప్పింది.
మౌక్తిక సగంల ఆగింది.
"వాళ్ల తాతది గూడ తోలు పనేనట.
ఏటి పక్క వాడ. పండుగకు డోలు గుడిలకు పోతుండెనట,
తాత మాత్రం...
వాళ్లను ఒక మాటతోని పిలుస్తుండిరట, అంకుల్.
దాన్ని తెలుగుల ఏమంటరో నాకు తెల్వది."

"నాకు ఎరుకే, బిడ్డా" అన్న.
"నువ్వు వెతుకకు."

చిగుసా నా మొకం చూసింది.
"సే... నో."
ఇద్దరం గుంజినం.
ఇగ కొట్టి చూస్తే, టంగుమని,
హాలు ఆఖరి కుర్చీల కాడ ఊడుస్తున్న ఆమె
చీపురాపి ఇటు చూసింది.

పైసలు చేతికి రాంగనే పోవచ్చు. పోలే.
పరదా పక్కన నిలవడ్డ.
షిమే ముందుగాల మాట్లాడింది, సన్నగ, కోపంగ.
దాని ఎనుక పెద్దది అందుకున్నది,
చెవులకు కాదు, పక్కటెముకలకు.
నా కుడి చెయ్యి తొడ మీద ఏదో కొడుతున్నది,
పీర్ల పండుగ దెబ్బనో, సావు దెబ్బనో,
నేను చెప్పలే దానికి.

రాత్రి అఫ్జల్‌గంజ్ బస్సుల
చిల్లర కోసం చెయ్యి చాపితే
కండక్టరమ్మ చూసింది, అరచేతిల ఎర్రటి చార.
"ఏమాయె?"
"తాడు గుంజిన."
"గింత గనం, ఎవరితోని?"

అద్దం మీద వాన కొడ్తనే ఉన్నది.
ఆమె ఊరి పేరు అడుగుడు మర్శిన.